పదకొండుతో పోతాది

పోయిన నెలలో ఒక ఆదివారం, జమ్మలమడుగులో మేము కూడుకునే మందిరంలో, ఈ మధ్యనే వచ్చిన చిన్న వయసు పాస్టరుగారు ప్రసంగం నడుమ గోడకు కట్టిన తెర మీద ఒక సంఖ్యను చూపించారు. ఎర్రటి అంకెలు, వాటి వెనక మేఘాలు, మేఘాల్లోంచి దిగుతున్న వెలుగు. 1,44,001. లక్షా నలభై నాలుగు వేల ఒకటి. చూడగానే నా ఒళ్ళో ఉన్న పాటల పుస్తకం జారి కింద పడింది. పక్కనున్న మనవరాలు దాన్ని తీసి చేతికిచ్చి, నిద్రపోయినావా తాతా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

పాస్టరుగారు చెప్పింది ఇది. అపొస్తలుడు చూసిన దర్శనంలో గొఱ్ఱెపిల్లతో కూడ పర్వతం మీద నిలిచినవారు లక్షా నలభై నాలుగు వేల మంది. ఆ సంఖ్య రెండుతో శేషం లేకుండా పోతుంది, మూడుతో పోతుంది, ఐదుతో పోతుంది. మనుషుల గుంపు ఎప్పుడూ అంతే, చీలడానికే చూస్తుంది. ఆ గుంపుకు గొఱ్ఱెపిల్ల అనే ఆ ఒక్కణ్ణి, మన ప్రభువును, చేర్చి చూడండి, ఇక దాన్ని ఏ సంఖ్యా ముక్కలు చేయలేదు. అట్లాంటి దాన్ని లెక్కల్లో ప్రధాన సంఖ్య అంటారు. మన ప్రధాన యాజకుడు వచ్చి చేరగానే మనమంతా ప్రధాన సంఖ్య అయిపోయాము. ఇట్లా చెప్పి, ఈ మాట తన సొంతం కాదనీ, వాళ్ళ నాయన పాత నోటుపుస్తకంలో రాసుకున్నదనీ, ఆ నాయనకు దీన్ని బోధించినవారు ఇదిగో ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారనీ నా వైపు చెయ్యి చూపించారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను తల వంచుకున్నాను. అది పెద్దవాడి అణకువ అనుకున్నారు అందరూ.

ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళకు పైగా తెలుసు.

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల పత్రికలో నా ఈడువాళ్ళకు ఇది చెప్పుకోవాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి. ఆయన ఉపదేశి. కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి, సందెవేళ వేపచెట్ల కింద వాక్యం చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ మా చేత అదే వాక్యం చదివించేవాడు. లేఖనంలో ఉత్తినే రాసిన అంకె ఒక్కటి కూడా లేదని ఆయన నమ్మకం. వలలో పడిన చేపలు నూట యాభై మూడు అని అంత కచ్చితంగా ఎందుకు రాసినారో చెప్పరా అని అడిగేవాడు. నేను పలక మీద ఒకటి నుంచి పదిహేడు దాకా వరసగా కూడుకుంటూ పోతే సరిగ్గా నూట యాభై మూడు వచ్చింది. తుపానులో పగిలిన ఓడలో ఉన్నవారు రెండు వందల డెబ్బై ఆరు మంది. అది ఒకటి నుంచి ఇరవై మూడు దాకా కూడితే వచ్చేది. ఆ రోజు మా నాయన సంతోషం పట్టలేక, ఆదివారం నన్ను మందిరంలో ముక్కాలిపీట ఎక్కించి ఆ లెక్క చెప్పించాడు. పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచి విన్నారు. ఆ పీట మీది నుంచి నేను మళ్ళీ కిందికి దిగనే లేదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

మా ఇంట్లో ఏడుకు ఉన్న మర్యాద వేరే దేనికీ లేదు. సృష్టికి ఏడు దినాలు, ఏడు దీపస్తంభాలు, ఏడు ముద్రలు. ఏడు పూర్ణసంఖ్య అని మా నాయన ఎప్పుడూ చెప్పేవాడు, నేనూ నా సండే స్కూలు పిల్లలకు అదే చెప్పేవాణ్ణి. అప్పటికి నేను ప్రొద్దుటూరులో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుణ్ణి. ఆరు దినాలు నల్లబల్ల ముందు, ఏడో దినం సంఘంలో. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. మాట కూడా సుద్దముక్క లాగే గట్టిగా ఉండేది.

ఆ పాఠశాలలోనూ, ఆ సంఘంలోనూ ఒక పాప ఉండేది. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. ఒక ముస్లిం కుటుంబం తమ ఇంటి వసారాలో ఆమెకు మిషను పెట్టుకునే చోటిచ్చింది. కత్తిరింపు పని కూడా ఆ ఇంటి పెద్దావిడ దగ్గరే నేర్చుకుంది. పాప ఆ మిషను పక్కన నేల మీద కూర్చుని, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో, పారేసే పేలికల మీద లెక్కలు చేసేది. పెద్ద భాగహారం కావాలంటే పొడుగాటి పేలిక ఏరుకునేది. వాళ్ళమ్మ నవ్వి, మా ఇంట్లో చెత్త ఊడ్చినా అంకెలే వస్తాయి సార్ అనేది.

ఆ పాప నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఒక సోమవారం తరగతిలో నేను పూర్ణసంఖ్యల పాఠం మొదలుపెడితే, వెనక వరుసలోంచి లేచింది.

"సార్, నిన్న ఆదివారం ఏడొక్కటే పూర్ణసంఖ్య అంటిరి. ఈ పొద్దు ఒకటి, రెండు, మూడు అన్నీ పూర్ణసంఖ్యలే అంటాండారు. ఏ దినం మాట పట్టుకోవాల సార్?"

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, లోపల ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టయింది. అప్పుడే ఆ ప్రశ్నకు నిజాయితీగా నిలబడి ఉంటే, తరువాత జరిగింది జరిగేది కాదు.

ఆ వేసవిలో, పదో తరగతి పరీక్షలు అయిపోయాక, పులివెందులలో మూడు దినాల సభలు పెట్టారు. ప్రొద్దుటూరు సంఘం నుంచి ఆడవాళ్ళు, పిల్లలు లారీ కట్టించుకుని పాటలు పాడుకుంటూ పోయారు. నాలాంటి కొంతమందిమి బస్సులో పోయాము. చివరి దినం పొద్దుటి కూటంలో వాక్యం చెప్పడానికి నన్ను పిలిచారు. అంత పెద్ద సభలో మాట్లాడడం నాకదే మొదలు. ఏదో ఒకటి ఎవరూ వినని మాట చెప్పాలని నా ఆశ.

ముందు దినం మధ్యాహ్నం, పందిరి వెనక కూర్చుని రాసుకుంటుంటే ఆ ఆలోచన తట్టింది. లక్షా నలభై నాలుగు వేలు అంటే పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, దానికి వెయ్యి రెట్లు. ఒకటి నుంచి పది దాకా ఉన్న అంకెల్లో ఏడు తప్ప అన్నీ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి. దానికి ఒకటి కలిపితే? రెండుతో పోదు, చివర ఒకటి ఉంది గనుక. మూడుతో పోదు, అంకెలన్నీ కూడితే పది గనుక. ఐదుతో పోదు. ఏడుతో చేసి చూశాను, నాలుగు మిగిలింది.

అక్కడ ఆగాను.

లెక్కల ఉపాధ్యాయులకు నేను వివరించనక్కర్లేదు, మిగిలినవారి కోసం చెబుతున్నాను. అంత సంఖ్యను ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే ఏడు దగ్గర ఆగితే చాలదు. పదకొండు, పదమూడు, పదిహేడు, ఇట్లా మూడు వందల డెబ్బై తొమ్మిది దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో చేసి చూడాలి. డెబ్బై ఐదు భాగహారాలు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఏడుతో పోలేదన్న సంతోషంలో నా మనసు నల్లబల్ల వదిలి పీటెక్కింది. పూర్ణసంఖ్యే దాన్ని విడగొట్టలేకపోయాక ఇంకేది విడగొడుతుంది అనుకున్నాను. ఏడుతో పోకపోతే ఇంక దేనితోనూ పోదు అని ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మా నాయన ఇంట్లో పుట్టినవాడు మాత్రమే చేయగల తప్పది.

మరుసటి పొద్దున ప్రసంగం బాగా సాగింది. బాగా సాగింది అని రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది. ప్రధాన యాజకుడు, ప్రధాన సంఖ్య అన్న చోట జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. నేను ఊపు మీదున్నాను. ఈ సంఖ్యను భాగించగలిగిన సంఖ్య పరలోకంలో గానీ భూలోకంలో గానీ ఉంటే చూపండి అని సభకు సవాలు విసిరాను. ప్రసంగంలో అట్లాంటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు.

ఆడవాళ్ళు కూర్చున్న చాపల మధ్యలోంచి ఆ పాప లేచి నిలబడింది.

"సార్, పదకొండుతో పోతాది."

ముందు వరుసలో చెవుడున్న పెద్దాయన ఒకాయన పక్కాయన వైపు తిరిగి, తనకు గుసగుస అనిపించిన గొంతుతో, సభంతా వినేటట్టు అడిగాడు.

"ఏందంటాది మామా ఆ పాప? పదకొండుకు బస్సు పోతాదంటనా?"

నవ్వులు మొదలయ్యాయి. ఒడ్డు దొరికినట్టయింది నాకు. ఒక్క నిమిషం ఆగి, ఒకటి, నాలుగు, నాలుగు, సున్న, సున్న, ఒకటి అని వేళ్ళ మీద చూసుకుని ఉంటే చాలు. అంకె విడిచి అంకె కూడుకుంటే ఒక పక్క ఐదు, ఇంకో పక్క ఐదు. రెండూ సమానమైతే పదకొండుతో పోయినట్టే. ఏడో తరగతి పిల్లలకు నేనే నేర్పించిన గుర్తది. చూసుకోలేదు. ఆ నవ్వుల మీద నా మాటొకటి వేశాను.

"బస్సు పోతే పోనీలే పాపా, నువ్వు మాత్రం కూర్చో."

సభ పడిపడి నవ్వింది. పాప కూర్చోలేదు. లెక్క సార్, లెక్క చెప్తాండా అని ఏదో అనబోయింది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగు పట్టి లాగుతున్నారు. అప్పుడు నేను గొంతు మార్చి, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని అపొస్తలుడు చెప్పిన మాటను గుర్తుచేసి, వాక్యం నడుస్తుండగా అడ్డం రావడం ఎవరి పనో మీకు తెలుసు అన్నాను. సాతాను అని నేను నోటితో అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చేశాను. కూటం ముగిశాక వాళ్ళమ్మ పాపను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చి, తప్పయిందని చెప్పించింది. పాప చెప్పింది. నా మొహంలోకి చూసే చెప్పింది. నేను దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పదకొండు, పదకొండు అని ఆ గొంతు చెవిలో మోగుతూనే ఉంది. దాన్ని ఆపుదామని సభల కరపత్రం వెనక పెన్సిలుతో వేశాను. పదకొండుతో పోయింది. భాగఫలం పదమూడు వేల తొంభై ఒకటి. ఆపకుండా వేసుకుంటూ పోయాను. పదమూడుతోనూ పోయింది, వెయ్యిన్నీ ఏడు. అది పంతొమ్మిదితో పోయి, యాభై మూడు వచ్చింది. పదకొండు, పదమూడు, పంతొమ్మిది, యాభై మూడు: నాలుగూ ప్రధాన సంఖ్యలు, నాలుగింటిని గుణిస్తే నా సంఖ్య. ఏ గుంపునైనా చీలకుండా కట్టే సంఖ్య అని సభకు చాటినది నాలుగు ముక్కలై నా ఒళ్ళో పడింది. వేముల దగ్గర బస్సు ఆగింది. ఎవరో దిగుతూ, పైనుంచి గోతం కాస్త అందించు సార్ అంటే లేచి అందించాను. కూర్చున్నాక కరపత్రం నాలుగు మడతలు పెట్టి పాటల పుస్తకంలో దాచేశాను.

ఇంతవరకు జరిగింది పొరపాటు, తొందర, గర్వం. ఇవన్నీ మనుషులకు ఉన్నవే అని నాకు నేను చెప్పుకోవచ్చు. ఆ తరువాత జరిగినదానికి అట్లాంటి పేరేదీ దొరకదు.

నెల తిరక్కముందే జమ్మలమడుగు సంఘం వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. పులివెందులలో చెప్పిందే చెప్పండి అయ్యగారూ, మావాళ్ళు వినలేదు అన్నారు. ఆ వారంలోనే పాప వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, మా పాపకు లెక్కలు నేర్పించినారు సార్, ఇంతకంటే నాకేం చేతకాదు అని ఒక చొక్కా ఇచ్చింది. తెల్లటి చొక్కా, కాలరు కుట్టు సన్నగా, నూలు ఎక్కడా లేవకుండా. ఆ చొక్కా వేసుకుని జమ్మలమడుగు పోయాను. ఆ చొక్కాతోనే నిలబడి, లక్షా నలభై నాలుగు వేల ఒకటి దేనితోనూ పోదని చెప్పాను. ఈసారి సవాలు మాత్రం విసరలేదు. మా సంఘంవాళ్ళతో కూడా వచ్చిన ఆ తల్లీ కూతుళ్ళు ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో ఉన్నారు. ఆ వైపు చూడకుండా చెప్పాను. ఆ దినం దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నవారిలో ఒకరు ఇప్పటి మా పాస్టరుగారి నాయన.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పాపకు లెక్కల్లో మంచి మార్కులు. కడపలో ఒక హాస్టల్లో, మా ప్రాంతపు సంఘాల ఆడపిల్ల ఒకరిని ఇంటర్మీడియట్ ముగిసేదాకా ఉంచుకునే సీటు ఒకటుండేది. ఆ సీటుంటే కాలేజీ, లేకుంటే కుట్టుమిషను. దానికి సండే స్కూలు ఉపాధ్యాయుడు అంటించిన కవరులో సిఫారసు ఉత్తరం పంపాలి. వాళ్ళమ్మ వచ్చి అడిగింది. నేను తెల్ల కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాశాను: లెక్కల్లో చాలా చురుకు, వినయం ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఆ రెండో వాక్యం ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. ఆ పాప చదువుకుని పెద్దదై ఏదో ఒకనాడు ఏదో ఒక సభలో లేచి నిలబడి, పదకొండుతో పోతాది అంటుందని భయం. కవరు అంటించి ఇస్తే, ఆ తల్లి దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది.

సీటు వేరే అమ్మాయికి పోయింది. పాప మిషను తొక్కింది. రెండేళ్ళకు కొండాపురం దగ్గర ఒక పల్లెకు ఇచ్చి పెండ్లి చేశారు. నేనే ప్రార్థన చేశాను.

ఆ తరువాత నేను ఆ సంఖ్యను ఎక్కడా ఎత్తలేదు. అదే పశ్చాత్తాపం అనుకున్నాను. పదవీ విరమణ చేసి జమ్మలమడుగులో ఇల్లు కట్టుకుని, ముందు వరుసలో నాకంటూ ఒక కుర్చీ స్థిరపడేదాకా బతికాను. నేను ఊరుకున్నా ఆ సంఖ్య ఊరుకోలేదు. నోటుపుస్తకం నుంచి నోటుపుస్తకానికి నడిచి, మేఘాలు తొడుక్కుని, నా కళ్ళ ముందే తెర మీదికి ఎక్కింది.

ఆ ఆదివారం తరువాత రెండు దినాలు అన్నం సహించలేదు. మూడో దినం ఆమె ఎక్కడుందో వాకబు చేశాను. వాళ్ళ పల్లె గండికోట జలాశయం నీళ్ళలో మునిగిపోయింది, ఇప్పుడు కొండాపురం పక్కన కట్టిన పునరావాస కాలనీలో ఉంటున్నారు అన్నారు. పోయాను. ఒకే రకం ఇళ్ళు, తలుపుల మీద రంగుతో వేసిన నంబర్లు. నూట డెబ్బై మూడు ప్రధాన సంఖ్య, నూట డెబ్బై ఐదు ఐదుతో పోతుంది, ఇట్లా పాత అలవాటు కొద్దీ నోట్లో అనుకుంటూ నడుస్తుంటే, వాళ్ళు చెప్పిన నంబరు వచ్చింది: నూట ఎనభై ఏడు. పదకొండు పదిహేడ్లు. తలుపు తీసే ఉంది.

ఆమె బడి పిల్లల యూనిఫారాలు కత్తిరిస్తూ ఉంది. మెడలో టేపు, ముక్కు మీద అద్దాలు, జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏంది సార్, ఇంత దూరం వచ్చినారు? సొక్కాయి కుట్టించుకునేదానికా?"

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను తడబడుతూ ఆ సంఖ్య సంగతి ఎత్తాను. ఆమె కత్తెర కింద పెట్టి నవ్వింది.

"పదమూడుతో గూడా పోతాది సార్. పంతొమ్మిది, యాభై మూడు. ఆ పొద్దు పులివెందుల నుంచి వస్తా వస్తా లారీలోనే అంతా చేసినా. మాయమ్మ కొంగు మీద సుద్దతో వేస్తే తిట్టింది గూడా."

ఒకే సాయంత్రం, ఒకే దారిలో, బస్సులో నేనూ లారీలో ఆమే అవే నాలుగు అంకెలకు చేరామన్న మాట. మరి ఎవరికైనా ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎవరికి చెప్పాల సార్? మీకా? మీకు తెలుసు గదా. జమ్మలమడుగులో మా పక్క సూడకుండా చెప్తిరి. అప్పుడే అనుకున్యా, సార్ గూడా చేసి చూసుకున్యాడని."

నన్ను క్షమించు తల్లీ అన్నాను. ఆమె అద్దాలు తీసి పైటతో తుడుచుకుంది.

"ఇన్నేండ్లు మిమ్మల్ని తిట్టుకుంటా కూర్చునేదానికి నాకేం పన్లేదా సార్? అప్పుడప్పుడు తిట్టినాలే, అబద్ధమెందుకు. కానీ ఈ ఇంట్లో కూర్చోని నాకు చెప్తే ఏమొస్తాది? మీరు అనింది సభలో గదా. సభలోనే చెప్పండి."

చెబుతానన్నాను. ఇంకో మాట కూడా చెప్పాల్సింది ఉంది. అంతలో ఆమే ఆ మాట ఎత్తింది.

"ఆ కడప సీటొకటి వచ్చింటే బాగుండు సార్. మీరు శానా మంచి ఉత్తరం రాసిస్తిరని మాయమ్మ పోయేదాకా చెప్తానే ఉన్నింది. ఏం జేస్తాం, ఉన్నింది ఒకటే సీటాయె."

మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టి, పోయొస్తానమ్మా అని లేచాను.

పోయిన ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. ఆమెకు కబురు పంపాను. వచ్చింది, ఆడవాళ్ళ వైపు వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. పదకొండు సంగతి చెప్పాను. పులివెందులలో ఒక ఆడపిల్ల నిజం చెబితే నవ్వులపాలు చేసి, వాక్యాన్ని అడ్డం పెట్టుకుని నోరు మూయించానని చెప్పాను. అబద్ధమని తెలిసీ, ఇదే మందిరంలో నిలబడి మళ్ళీ చెప్పానని చెప్పాను. ఇక ఉత్తరం సంగతి చెప్పడానికి ఊపిరి తీసుకున్నాను. పాస్టరుగారు కళ్ళనీళ్ళతో వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకు తన వైపు తిప్పుకున్నారు. "ఇంత వయసులో ఇంత వినయం! చూడండి సంఘమా, మన అయ్యగారి వినయం చూడండి!"

స్తోత్రం, స్తోత్రం అని మందిరం మోగింది. మైకు నాకు జానెడు దూరంలోనే ఉంది. చెయ్యి చాచి అందుకోవచ్చు. వినయం అన్న మాట చెవిలో పడింది, ఆ మాటను నేను ఏ కాగితం మీద ఎట్లా రాశానో గుర్తుంది, అయినా సంఘం వైపు చేతులు జోడించి కూర్చున్నాను. ఆ స్తోత్రాలు తీయగా ఉన్నాయి. ఉన్న మాట అదే.

ఆ సందడిలో ఆమె లేచి చెప్పులు వెదుక్కుంటోంది. పక్కనున్న ముసలామె, ఇంకా ఆశీర్వాదం కాకముందే యాడికి పోతాండావమ్మే అని గట్టిగానే అడిగింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, అప్పటి గొంతుతోనే జవాబిచ్చింది.

"పదకొండుకు బస్సు పోతాదక్కా."

మందిరంలో ఎవరికీ అందులో ఏమీ వినిపించలేదు.

మన కాలంలో ఒక సంఖ్య గుట్టు తెలుసుకోవాలంటే పెన్సిలు అరిగేది, సుద్ద అరిగేది, చీర కొంగు కూడా పలక అయ్యేది. మొన్న మనవరాలు నా సంఖ్యను ఫోనులో కొడితే, నేను కళ్ళద్దాలు పెట్టుకునేలోపల ఆ నాలుగు అంకెలూ వచ్చి కూర్చున్నాయి. అంతేనా తాతా అంది. అంతే. అంకెలకు ఇప్పుడు దాక్కునే చోటు లేదు. పాస్టరుగారు కూడా ఆ బొమ్మ తీసేసి, ఇంకేదో సంఖ్య వెదుక్కుంటున్నారట. బడిలో పాఠం చెప్పేటప్పుడు వెనక వరుసలోంచి లేచి, ఏ దినం మాట పట్టుకోవాలి సార్ అని అడిగే పిల్లలు ఇప్పుడున్నారో లేదో నాకు తెలియదు. ఉంటే, వాళ్ళ ఉత్తరాలు ఎవరు రాస్తున్నారో.

నా ప్రభువు ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను, ఆయన క్షమించాడనే నమ్ముతున్నాను. కానీ వాళ్ళమ్మ కళ్ళకద్దుకున్న కవరులో ఏముందో ఆమెకు ఈ పొద్దుటి దాకా తెలియదు. ఆమె దాన్ని అచ్చులో చూసి తెలుసుకోవడం న్యాయం కాదు. ఈ కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. గడియారం పది దాటింది. కొండాపురం బస్సు పదకొండుకు పోతుంది.